తొమ్మిది గడ్డలు తక్కువ

ఆగస్టు 28, మంగళవారం

తోట పుస్తకం వంటింటి గూట్లో ఉంటుంది. ఏ రోజు ఎంత వాన పడిందో చూడటానికి మా ఆయన విల్ఫ్ కూడా దాన్ని తిరగేస్తుంటాడు. అందుకే ఇది వేరే పుస్తకం. దుప్పట్ల బీరువాలో, చలికాలపు రగ్గుల కింద పెడతాను. పెళ్ళయిన ఈ నలభై నాలుగేళ్ళలో నా మొగుడు ఆ బీరువా తెరవగా నేను చూడలేదు.

విషయం ఇది. మట్టి మార్చుదామని ఈ ఉదయం లేతపసుపు ఫ్రిటిలేరియా పూలగడ్డల కుండీ బయటికి తీశాను. ఏడేళ్ళ క్రితం గింజ నుంచి మొదలుపెట్టినవి అవి. మొదటి ఏడు గడ్డిపరకంత ఒక్క ఆకు. రెండో ఏడు దానికంటే కాస్త వెడల్పుగా ఇంకో ఆకు. ఆరేళ్ళు ఆకు తప్ప ఏమీ లేదు. పోయిన మే నెలలో మొదటిసారి ఐదు కాడలు లేచి, వెన్నరంగు గంటలు తలలు వంచుకుని పూశాయి. పోయిన ఆగస్టులో లెక్కపెట్టి కుండీ చీటీ మీద పెన్సిల్‌తో నేనే రాశాను, ఇరవైమూడు గడ్డలని. ఇవాళ మట్టి గుమ్మరించి వేళ్ళతో ఎంత వెతికినా పద్నాలుగే.

కుళ్ళిపోతే పొట్టు మిగలాలి. మిగల్లేదు. ఎలుక తింటే గుంట కనబడాలి. కనబడలేదు. పైన పరిచిన సన్న గులకరాళ్ళు నేను పరిచినంత నున్నగా ఉన్నాయి. తిన్నాక రాళ్ళు సర్దిపెట్టి వెళ్ళే ఎలుకని నేనింతవరకూ చూడలేదు.

ఎవర్నీ అనుమానించటం లేదు. లెక్క రాసి పెడుతున్నానంతే.

సెప్టెంబరు 2, ఆదివారం

నోరీన్ పియర్ట్ వచ్చింది. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. మొగుడు హెరాల్డ్ పోయి ఏడేళ్ళు దాటింది. ఇరవయ్యారేళ్ళుగా ప్రతి సెప్టెంబరులోనూ మేమిద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, వసంతంలో పూసే గడ్డల జాబితా కలిసే రాస్తాం. అందరిళ్ళలో ఉండే డాఫొడిల్స్, ట్యూలిప్స్ మాకు పట్టవు. ఎవరూ తెప్పించనివి తెప్పించి, ఈ లోయ చలిలో నిలబెట్టి పూయించడమే మా పంతం.

"ఏమే ఎవరిల్, ఈ ఎర్ర ఐరిస్ చూడు. టర్కీ కొండల్లోదట. చచ్చేంత అందంగా ఉంది" అంది బిస్కెట్ టీలో ముంచుతూ.

"చచ్చేది అదే. ఎండాకాలమంతా ఎముకలా ఎండిపోవాలి దానికి. ఇక్కడ జులైలో మన బట్టలే ఆరవు."

"చలికి తట్టుకుంటుందని రాశాడుగా."

"చలికెవడు చస్తాడే? అది పుట్టిందే మంచులో. ఇక్కడ చంపేది చలి కాదు, తడి."

"అయితే ఏం వేద్దామంటావు, బురదలో బతికేవేనా?"

"అవును. మనలాంటివి."

నవ్వింది. కుక్కపన్ను గడ్డలు రాసుకున్నాం. చెట్టు నీడలో పెరుగుతాయి, గడ్డ అచ్చం కుక్క కోరలా ఉంటుంది. నీలం కమాసియా రాసుకున్నాం, నీళ్ళు నిలిచే నేలకి. స్నోఫ్లేక్స్ రాసుకున్నాం, నాకు ఉన్నా సరే ఇంకో డజను.

లేస్తూ అడిగింది. "నీ లేతపసుపువి ఎన్నయ్యాయి ఇప్పటికి?"

దేనికి అడిగినట్టు? ఇరవయ్యారేళ్ళలో నా కుండీలో ఎన్నున్నాయని ఏనాడూ అడగలేదు.

"సరిపడా ఉన్నాయి" అన్నాను.

సెప్టెంబరు 19, బుధవారం

షెడ్డు అరలో ఆరబెట్టిన రాజకిరీటం గడ్డలు రెండు ఉండాలి. పిడికిలంత గడ్డలు, నక్క కంపు కొడతాయి. ఎలుకలు కూడా వాటి జోలికి రావు. ఒకటే ఉంది.

తెల్ల స్నోఫ్లేక్స్ గుంపులోంచి కూడా కొన్ని తవ్వి తీసి, మట్టి నొక్కేసినట్టుంది. పక్కగా నాలుగు వేళ్ళ గుర్తులు. నావి కావు. చేయి పెట్టి కొలిచి చూశాను.

నోరీన్ పోయిన వారం మా షెడ్డులోంచి నిచ్చెన పట్టుకెళ్ళింది. నేను ఊళ్ళో లేను. తాళంచెవి విల్ఫ్ ఇచ్చాడు.

నోరీన్ చేతులు పెద్దవి.

సెప్టెంబరు 23, ఆదివారం

చర్చిలో నా పక్కనే కూర్చుంది. పాటల పుస్తకం పట్టుకున్న ఆ గోళ్ళనే చూస్తూ కూర్చున్నాను. పాదిరిగారు ఏం చెప్పారో ఒక్క ముక్క వినలేదు.

అక్టోబరు 4, గురువారం

విల్ఫ్ తోట కోటు ఉతకడానికి తీశాను. కుడి జేబులో నక్క కంపు. మట్టి కూడా ఉంది.

కొండ మీద నక్కలు తిరుగుతూనే ఉంటాయి. కోటు కంచె మీద వేసి ఉంటాడు, ఏ నక్కో రాసుకుని ఉంటుంది.

రెండుసార్లు ఉతికాను.

అక్టోబరు 9, మంగళవారం

కుండీలుంచే గాజుపెట్టెకి తాళం పెట్టించాను. ఇన్నేళ్ళలో మా ఊళ్ళో ఎవరూ మొక్కలకి తాళం వేయలేదు. విల్ఫే బిగించాడు. ఒంగుని, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోతుంటే, ఒక్కో మరా నిదానంగా తిప్పాడు.

"ఎవరనుకుంటున్నావు పిల్లా?" అని అడిగాడు. అరవయ్యారేళ్ళు వచ్చినా ఆయనకి నేను పిల్లనే.

"నేనెవర్నీ అనుకోవట్లేదు."

"మరి తాళమెందుకు?"

"గాలికి మూత ఎగిరిపోతోంది."

 తాళంచెవులు రెండూ నా చేతిలో పెట్టి, చేతులు కడుక్కుని, చర్చి పైకప్పు పనిలో రేమండ్‌కి సాయం చేయాలని కారేసుకుని వెళ్ళిపోయాడు. ఈ మధ్య ప్రతి మంగళవారం ఇదే పని.

అక్టోబరు 30, మంగళవారం

తాళం వేశాక ఒక్కటి కూడా పోలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

నవంబరు 18, ఆదివారం

నోరీన్ ఇంటికి టీకి పిలిచింది. వెళ్ళాను. టీ కోసం కాదు.

కెటిల్ పెట్టడానికి అది లోపలికి వెళ్ళగానే నేను వెనక వరండాలోకి వెళ్ళాను. కుండీలు వరసగా ఉన్నాయి. మూలనున్న పెద్ద కుండీకి చీటీ లేదు. నోరీన్ చీటీ లేకుండా ఉల్లికాడ కూడా పెంచదు. గులకరాళ్ళు పక్కకి తోసి రెండు వేళ్ళు లోపలికి పెట్టాను. నున్నటి గడ్డ తగిలింది, రెండు చెక్కలుగా. ఫ్రిటిలేరియాయే. చూడకుండా చెప్పగలను.

"ఏం వెతుకుతున్నావే?"

గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో పాలగిన్నెతో.

"కలుపు కనబడితే తీస్తున్నా."

"నవంబర్లో కలుపా?"

చేతికి మట్టి. తుడుచుకోవడానికి చోటు లేక అలాగే టీ తాగాను. అదేమీ అడగలేదు. మోకాలి నొప్పి గురించీ వాళ్ళ అక్క గురించీ మాట్లాడింది. తప్పు చేయని మనిషైతే నిలదీయదా?

డిసెంబరు 26, బుధవారం

పండగ అయింది. ఇద్దరమే. బాతు మాంసం కాస్త ఎండిపోయింది. విల్ఫ్ చెల్లెలు ఫోను చేసి మనవళ్ళ అల్లరంతా చెప్పింది. పిల్లలు లేని ఇల్లు మాది. నిశ్శబ్దంగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది. మాకేం లోటు లేదు.

జనవరి 22, మంగళవారం

పోస్టాఫీసులో రేమండ్ కనబడ్డాడు. చర్చి పైకప్పు ఎంతవరకూ వచ్చిందని అడిగాను, మాటవరసకి.

"పైకప్పా? అక్టోబర్లోనే అయిపోయిందిగా, ఎవరిల్. విల్ఫ్ చెప్పలేదా? అసలు మనిషి కనబడి ఎన్నాళ్ళయింది, ఒంట్లో బావుందా ఆయనకి?"

"బావుంది" అన్నాను.

స్టాంపులు తీసుకోకుండానే వచ్చేశాను.

విల్ఫ్ సాయంత్రం వచ్చాడు. "పని ఎలా ఉంది?" అన్నాను. "నిదానంగా సాగుతోంది" అన్నాడు. బంగాళాదుంపలు ఇంకాస్త వడ్డించుకున్నాడు.

జనవరి 29, మంగళవారం

నోరీన్ కారు కూడా ఇంటి ముందు లేదు.

ఫిబ్రవరి 5, మంగళవారం

నోరీన్ కారు ఉంది. కానీ దానికి కారు అవసరం ఏముంది, ఆయనకి ఉందిగా.

ఫిబ్రవరి 24, ఆదివారం

లేతపసుపువి ముక్కులు బయటపెట్టాయి. పద్నాలుగూ వచ్చాయి. ఏటా మొలకలొచ్చిన రోజు ఒంగుని ఒక్కోదాన్నీ పలకరిస్తాను. ఇవాళ లెక్కపెట్టి లోపలికి వచ్చేశాను.

పోయిన తొమ్మిదీ కూడా ఎక్కడో ఒకచోట మొలుస్తూ ఉండాలి.

మార్చి 9, శనివారం

గాజుపెట్టె అద్దాలన్నీ వెనిగర్‌తో తోమాను. ఈ రోజు ఇంకేమీ రాయను.

మార్చి 26, మంగళవారం

విల్ఫ్ బూట్లు వాకిట్లో విప్పాడు. మా లోయలో మట్టి నల్లగా, రొట్టెపొడిలా ఉంటుంది. బూట్లకి అంటింది పసుపు జిగటమన్ను, చెంచాతో గీకితే ముద్దగా వచ్చింది. నోరీన్ తోటలోదీ నల్లమట్టే. అయినా అది ఎక్కడినుంచైనా ఒక బండెడు తెప్పించుకుని ఉండొచ్చు. తెప్పించుకుని ఉంటుంది.

ఇప్పుడు అంతా కలుస్తోంది. షెడ్డు తాళంచెవి ఇచ్చింది ఆయనే. కోటు జేబు ఆయనదే. నా గడ్డలు తీసుకెళ్ళి ఆవిడకి ఇస్తున్నాడు. పువ్వులంటే ఏనాడూ కన్నెత్తి చూడని మనిషి. నేను కుండీ చూపిస్తే "బావుంది" అని పేపరు తిప్పే మనిషి.

నలభై నాలుగేళ్ళు ఒక మనిషితో ఉండి, మంగళవారాలు ఎక్కడికి పోతున్నాయో తెలియని దాన్ని.

ఏప్రిల్ 13, శనివారం

ఊరి హాల్లో వసంత ప్రదర్శన. నేనేమీ పెట్టలేదు. నావి ఇంకా మొగ్గలే.

నోరీన్ పెట్టింది. అదే పెద్ద కుండీ. వెచ్చటి వరండాలో ముందే పూయించింది. ఏడు కాడలు, ఒక్కోదానికి మూడు నాలుగు వెన్నరంగు గంటలు. పక్కన జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ళని తోసుకుని ముందుకి వెళ్ళాను. కోపం వల్లేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

"ఇవి నావి" అన్నాను తోటల సంఘం కార్యదర్శి మేవిస్‌తో. గట్టిగానే అన్నానట. అక్కడున్నవాళ్ళు చెప్పారు.

"ఏంటి?" అంది మేవిస్.

"నా పెట్టెలోంచి పోయాయి. తొమ్మిది. అడుగు దాన్ని, ఎక్కడివో."

హాలంతా కప్పులు కింద పెట్టేసింది. నోరీన్ నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు.

"నువ్వే ఇచ్చావు, ఎవరిల్. గింజలు. హెరాల్డ్‌ని పూడ్చిన రోజు, చర్చి గుమ్మం దగ్గర, గోధుమరంగు కవర్లో. 'ఏడేళ్ళు పడుతుంది, అంతవరకూ బతికి ఉండాలి మరి' అన్నావు. నాకేదో ఒక పని పెట్టడానికే అన్నావని నాకు తెలుసు. అందుకే ఉన్నాను."

నాకు గుర్తులేదు అనబోయాను. కానీ చెబుతుండగానే ఆ కవరు కళ్ళ ముందుకొచ్చింది.

"చీటీ ఎందుకు పెట్టలేదంటే" అంది, "ఇవాళ బల్ల మీద నీ పేరు రాసిన చీటీ పెట్టి నిన్ను ఉడికిద్దామనుకున్నాను. ఇదిగో, జేబులోనే ఉంది."

తీసి చూపించలేదు. కుండీ రెండు చేతులతో ఎత్తుకుని, తనే కారు దాకా మోసుకెళ్ళింది. ఎవరినీ పట్టుకోనివ్వలేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు.

సరే, నోరీన్ కాదు. కానీ తొమ్మిది గడ్డలు నడిచి వెళ్ళలేదుగా.

ఏప్రిల్ 16, మంగళవారం, ఉదయం

కారు తాళం నా జేబులో ఉంది. ఆయన వెతుకుతున్నాడు. వెతకనీ.

ఏప్రిల్ 18, గురువారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ మొదటినుంచి రాస్తాను.

మంగళవారం పొద్దున్న విల్ఫ్ కోటు వేసుకుని తాళం కోసం సొరుగులన్నీ లాగాడు. నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను.

"రేమండ్ దగ్గరికా?" అన్నాను.

"అవును."

"పైకప్పు అక్టోబర్లో అయిపోయిందట."

సొరుగు మూశాడు.

"ఎవరావిడ విల్ఫ్? ఈ వయసులో నీకోసం మంగళవారాలు ఖాళీగా పెట్టుకున్న మనిషెవరు? నా గడ్డలు తీసుకెళ్ళి ఎవరికిస్తున్నావు? కొట్లో కొనిచ్చే ఓపిక కూడా లేదా?"

నవ్వుతాడేమోనని చూశాను. కసురుతాడేమోనని చూశాను. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకో పదిరోజులు ఆగితే నేనే పిలిచేవాణ్ణి" అన్నాడు. "పూశాక తీసుకెళ్దామనుకున్నాను. సరేలే. కోటు వేసుకో."

"ఎక్కడికి?"

"వేసుకో పిల్లా."

కారు లోయ దిగింది. తూర్పుకి తిరిగింది. గంట వరకూ నాకేమీ తట్టలేదు. తర్వాత ఓడల రేవు క్రేనులు కనబడ్డాయి, వాటి వెనక బూడిదరంగు సముద్రం. ఆ ఊరు. పెళ్ళయిన కొత్తలో నాలుగేళ్ళు మేమున్న ఊరు. అక్కడినుంచి వచ్చేశాక నేను మళ్ళీ ఆ రోడ్డు ఎక్కలేదు. రైలు అటు వెళ్తుందంటే వేరే రైలు ఎక్కాను.

"ఆపు" అన్నాను.

ఆపాడు. దిగి, గోడ పక్కన నిలబడ్డాను. లారీలు పోతున్నాయి. ఆయన దిగలేదు, ఇంజను మాత్రం కట్టేశాడు. ఎంతసేపో తెలియదు. తిరిగి ఎక్కాను. "వెళ్దామా, వెనక్కి తిప్పనా?" అన్నాడు. చేత్తో ముందుకి చూపించాను.

సమాధుల తోట చాలా పెద్దది. రాళ్ళన్నీ దాటి, రైలు కట్ట పక్కన గోడ వరకూ నడిచాం. అక్కడ రాళ్ళు లేవు. పొడవుగా సాగిన గడ్డినేల, అంతే. విల్ఫ్ జేబులోంచి కాగితం తీసి చూడనక్కర్లేదు, అయినా తీశాడు. గోడ నుంచి పదకొండు అడుగులు వేశాడు.

"ఇక్కడ" అన్నాడు.

వెయ్యిన్నీ తొమ్మిదివందల డెబ్బై ఏడు, మార్చి తొమ్మిది. ఆడపిల్ల. పుట్టాక ఏడవలేదు. నాకు చూపించలేదు. దుప్పటిలో చుట్టి తలుపు అవతలికి తీసుకెళ్ళారు. "మేం చూసుకుంటాం, మీరు ఇంటికెళ్ళి ఇంకో బిడ్డ గురించి ఆలోచించండి" అని నర్సు చెప్పింది. ఆ రోజుల్లో అందరికీ అలాగే చెప్పేవాళ్ళు. ఎక్కడ పెట్టారని అడగకూడదనుకున్నాను. అడగచ్చని ఎవరూ చెప్పలేదు. ఇంకో బిడ్డ రాలేదు.

ఈ పుస్తకంలో కూడా ఇంతవరకూ రాయలేదు. నా కోసం నేను రాసుకునే పుస్తకంలో.

గడ్డిలో తొమ్మిది కాడలు. అన్నిటికీ మొగ్గలు లేవు, నాలుగింటికి ఉన్నాయి. సముద్రపు గాలికి ఒక పక్కకి వాలి ఉన్నాయి. స్నోఫ్లేక్స్ పూసి వాడిపోయాయి, ఆకులు మాత్రం పచ్చగా ఉన్నాయి. రాజకిరీటం రానేలేదు. ఆ జిగటమట్టిలో కుళ్ళిపోయి ఉంటుంది.

మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టి చూశాను. నాకు వచ్చిన మొదటి మాట ఇది:

"మరీ పైపైన నాటావు. నాలుగంగుళాలైనా లోపలికి పోవాలి."

"తెలీదు" అన్నాడు విల్ఫ్. "నీ తోట పుస్తకంలో చూశాను. నీ రాత సరిగా అర్థం కాలేదు."

తర్వాత ఇద్దరం ఏడ్చాం. విడివిడిగా, ఆయన గోడ దగ్గర, నేను మొక్కల దగ్గర.

ఏప్రిల్ 19, శుభ శుక్రవారం

కోపం తగ్గలేదు. ఇవాళ వంటింట్లో అడిగాను.

"ఎప్పటినుంచి తెలుసు?"

"రెండేళ్ళు కావస్తోంది. పేపర్లో ఒక పెద్దాయన ఉత్తరం రాశాడు. అడిగితే సమాధుల తోట ఆఫీసువాళ్ళు పాత పుస్తకాలు తీసి, తన బిడ్డ ఎక్కడుందో చూపించారని. నేనూ రాశాను. మూడు వారాలకి జవాబు వచ్చింది. అదే గుంటలో ఇంకో పదిమంది ఉన్నారట. అందరూ పసివాళ్ళే."

"రెండేళ్ళు. రెండేళ్ళు నాకు ఉప్పు అందించావు, వాన పడేలా ఉందన్నావు. ఇది చెప్పలేదు."

"నువ్వే అన్నావు."

"నేనేమన్నాను?"

"ఆసుపత్రి నడవాలో. నీలం గౌను వేసుకుని ఉన్నావు. 'దీని గురించి నా దగ్గర ఎప్పుడూ ఒక్క మాట ఎత్తకు విల్ఫ్, ఎత్తితే నేను బతకను' అన్నావు. నేను ఎత్తలేదు."

నాకు గుర్తులేదు. ఈసారి కళ్ళు మూసుకున్నా ఏమీ రాలేదు. కానీ ఆయన అబద్ధం చెప్పటం లేదు. నలభై రెండేళ్ళు ఒక మాట మీద నిలబడిన మనిషి. నేను దాన్ని ఆయన పట్టనితనం అనుకున్నాను. ఆ పేరు పెట్టుకుంటే నాకు తేలిగ్గా ఉండేది.

"నా గడ్డలెందుకు? కొనొచ్చుగా."

"కొంటే నేను పెట్టినవి అయ్యేవి" అన్నాడు. "దాని దగ్గర నీవి ఉండాలనిపించింది. గింజ నుంచి చేసినవి. అడిగితే ఎక్కడికని అడుగుతావు. అందుకని దొంగతనం చేశాను."

కప్పు దగ్గరికి లాక్కున్నాడు. "తాళం బిగిస్తుంటే చేతులు ఆడలేదు."

"మంగళవారాలు అక్కడేం చేస్తావు?"

"ఏముంది. కూర్చుంటాను. టీ ఫ్లాస్కు ఉంటుంది. నీ గురించి చెబుతాను కాస్త. ఏం పూసిందో, ఏం పోయిందో." కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. "పిలవడానికి పేరు కూడా లేదు. అప్పట్లో కాగితం మీద పేరు రాసే గడే ఉండేది కాదు."

 గిన్నెలు కడిగాను.

ఏప్రిల్ 22, సోమవారం

నోరీన్ ఇంటికి వెళ్ళాను. తలుపు సగమే తెరిచింది.

"కలుపు తీయడానికి వచ్చావా?" అంది.

"తిట్టించుకోవడానికి వచ్చాను."

"హాలు నిండా జనం ముందు నన్ను దొంగని చేశావు. తిట్టించుకోవడానికి మాత్రం ఎవరూ లేనప్పుడు వచ్చావు."

నిజమే. అక్కడే, మెట్టు మీద నిలబడి, మొత్తం చెప్పాను. తేదీతో సహా. విల్ఫ్ కాక ఇంకో మనిషికి చెప్పడం అదే మొదలు.  పోస్టు మనిషి వచ్చి, ఉత్తరాలిచ్చి, వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు.

నోరీన్ తలుపు పూర్తిగా తెరిచింది.

"నాకు ఇంకా కోపంగానే ఉంది" అంది. "చాలా రోజులు ఉంటుంది. లోపలికి రా."

టీ పెట్టింది. బిస్కెట్లు పెట్టలేదు. అరగంట తర్వాత కాగితం, పెన్సిలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏ మట్టి అన్నావు?"

"జిగటమన్ను. పసుపుది. చలికాలమంతా నీళ్ళు నిలుస్తాయి. మధ్యాహ్నం నుంచి గోడ నీడ. సముద్రపు గాలి."

"రాజకిరీటం వద్దు అయితే."

"వద్దు. చిన్నవే కావాలి. పాముతల ఫ్రిటిలేరియా అయితే తడి గడ్డిలో దానంతటదే గింజ రాల్చుకుంటుంది. కుక్కపన్ను గోడ నీడలో. స్నోఫ్లేక్స్ ఎలాగూ పట్టుకున్నాయి."

"కమాసియా?"

"మరీ ఎత్తు. పసివాళ్ళ మీద అంత ఎత్తువి వద్దు."

నోరీన్ తల దించుకుని రాసుకుంది. "పదకొండు మందికా?" అని అడిగింది.

"పదకొండు మందికీ" అన్నాను.

మేవిస్‌కి చెప్పాను, వచ్చే సమావేశంలో అందరి ముందూ నిలబడి మాట్లాడతానని. మే రెండు.  

మే 3, శుక్రవారం

మాట్లాడాను. నోరీన్ వెనక వరసలో కూర్చుని ఊలు అల్లుకుంటోంది. అయ్యాక "గొంతు కాస్త పెంచాల్సింది, చివరి వరసకి వినబళ్ళేదు" అంది.

మే 14, మంగళవారం

ఇవాళ ఇద్దరం వెళ్ళాం. ఇప్పుడు మంగళవారాలు ఇద్దరివీ.

నాలుగు కాడలూ పూశాయి. గాలికి గంటలు ఊగుతున్నాయి. నేను లెక్కపెట్టలేదు.

దూరం నుంచి గడ్డి కోసే మిషను వస్తోంది.  పూలు పోతే పోనీ, ఆకులు కోస్తే గడ్డకి తిండి ఉండదు, వచ్చే ఏడు రాదు. ఆకు తనంతట తను పసుపెక్కి పడిపోయేదాకా, జూన్ చివరిదాకా, ఎవరూ ముట్టకూడదు. పరుగులాంటిది పెట్టాను. ఈ మోకాళ్ళతో.

మిషను మీద నలభై ఏళ్ళ మనిషి, చెవులకి పెద్ద మూతలు. చేతులు ఊపాను. ఆపి, ఒక చెవి తెరిచాడు.

"ఏంటమ్మా?"

"ఆ గోడ పక్కన ముక్క వదిలేస్తారా? ఆరు వారాలు. ఆకులు ఎండేదాకా."

"పదిహేను రోజులకోసారి మొత్తం కొయ్యాలమ్మా. అలా చెప్పారు." అటు చూశాడు. "పోయిన నెల ఏవో మొలుస్తున్నాయని చుట్టూ తిప్పాను. కలుపేమో అనుకున్నా. కానీ మరీ వరసగా ఉన్నాయి, ఎవరో పెట్టినట్టు."

"మేమే పెట్టాం."

"అక్కడ రాళ్ళేం లేవు కదమ్మా. ఎవరున్నారు మీవాళ్ళు?"

విల్ఫ్ నీళ్ళ డబ్బా పట్టుకుని వెనక వచ్చి నిలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు. ఆయన చెబుతాడని ఒక్క క్షణం చూశాను. ఆయన నా వైపు చూస్తున్నాడు.

"మా అమ్మాయి" అన్నాను.

ఆ మనిషి ఇంజను కట్టేశాడు. రెండో చెవి మూత కూడా తీశాడు.

"నాలుగు కర్రలు పాతి తాడు కట్టండమ్మా. నేను చూసుకుంటా. వేరేవాళ్ళు వచ్చినా చెబుతా." చెప్పడానికి ఏదో ఒకటి కావాలన్నట్టు అడిగాడు. "పేరేంటమ్మా?"

"జుడిత్."

కడుపులో ఉన్నప్పుడే పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

విల్ఫ్ నీళ్ళ డబ్బా కింద పెట్టేశాడు. ఆ పేరు ఆయన వినడం ఇదే మొదటిసారి. పెదవులతో మెల్లగా అనుకుని చూశాడు, సరిగ్గా పలుకుతున్నాడో లేదో అన్నట్టు. తర్వాత గోడ వైపు తిరిగి, గట్టిగా పిలిచాడు.